శ్రావణంలో తాగిన సూపు

2017 ఆగస్టు 6, ఆదివారం సాయంత్రం. నల్లగొండ, మా ఇంటి ముందు. ఉన్నవాళ్లు: షట్టర్ యజమాని నర్సింహ, పక్కింటి లలిత టీచర్, ఇప్పటికీ మగ్గం నేసే యాదగిరి, నా భార్య సత్తెమ్మ, హోటల్ నడిపే శ్రీకాంత్, నేను.

ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు వదలకుండా రాసే మనిషిని, ఆ సాయంత్రం మాత్రం పేర్ల దగ్గర ఆగిపోయాను. రాయని మాట ఇన్నేళ్లుగా ఛాతీ మీద కూర్చుంది. దించుదామంటే ఎవరి ముందు దించాలి? మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

శ్రీకాంత్ మా పద్మశాలీల ఇంటి పిల్లవాడే. తండ్రి మగ్గం అమ్మేశాక హైదరాబాదు హోటళ్లలో వంట నేర్చుకున్నాడు. తిరిగొచ్చి, మా వీధి మలుపులో నర్సింహ షట్టర్ కిరాయికి తీసుకుని 'ఏడు దేశాల వంటిల్లు' అని బోర్డు పెట్టాడు. నాలుగు బల్లలు. చైనా నూడుల్స్, థాయ్ సూపు, నేపాల్ మోమోలు. భార్య మెడలోని బంగారమంతా అందులోకే పోయింది. ఆ హోటల్ నడవకపోతే వాళ్లకు వేరే దారి లేదని వీధిలో అందరికీ తెలుసు.

వీధిలో తలా ఒక మాట. కాలేజీ ఆడపిల్లలు భయం లేకుండా కూర్చుని తినే జాగా ఊళ్లో ఇంకొకటి చూపించండి అనేది లలిత టీచర్. యాదగిరి ఒకసారి నూడుల్స్ పైకెత్తి చూసి, "గంజి వట్టిచ్చిన పోగు లెక్కున్నయ్. మగ్గానికి ఎక్కియ్యాలె గని గివి నోట్లె పెట్టుకుంటరా?" అని అందరినీ నవ్వించాడు. నర్సింహకు ఆ వాసనే పడదు. కిరాయి కోసం ఊరుకున్నాడు.

నా అభిప్రాయం? అడిగితే, "పిల్లల తిండి" అనేవాడిని. అది నిజం కాదు. ఆ ఎండాకాలం వచ్చిన జ్వరంతో నా నాలుక చచ్చిపోయింది. సత్తెమ్మ చేసే పచ్చిపులుసు కూడా ఉత్త నీళ్లలా ఉండేది. శ్రీకాంత్ చేసే పుల్లటి, కారపు సూపు ఒక్కటే నాలుకకు తగిలింది. నిమ్మగడ్డి వాసన, పచ్చిమిరప మంట, వాటి అడుగున ఇదీ అని చెప్పలేని ఉప్పదనం. చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన నీళ్లు అవి. మొదటి రోజే సీసా చూపించి చెప్పాడు. అప్పుడు ఆషాఢం. తప్పేమీ లేదు.

శ్రావణం వచ్చింది. మా ఇళ్లలో శ్రావణంలో నీసు, అంటే చేపా మాంసం, ముట్టరు. పౌర్ణమి నాడు మార్కండేయ గుడిలో మా మగవాళ్లు పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. మా వీధివాళ్లకు వేసే పెద్దను నేను. నెల పుట్టిన నాటి నుంచి నియమంగా ఉన్నవాడే ఆ పని చేయాలి.

శ్రీకాంత్ నా సూపు ఆ నీళ్లు లేకుండా చేయడం మొదలుపెట్టాడు. నాలుక మళ్లీ చచ్చింది. ఓర్చుకున్నాను. శుక్రవారం సాయంత్రం, బల్లలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు, పొయ్యి దగ్గరకు వెళ్లి వేయమన్నాను. శ్రావణం కదా అని గుర్తుచేశాడు. ఎరుకే, వేయమన్నాను. బతిమాలినట్టే అన్నాను. అతను వేశాడు. నేను గిన్నె ఎత్తి తాగాను. కిటికీ అవతల, మాటలు వినపడని దూరంలో, నర్సింహ ఉన్నాడని నాకు తెలియదు.

ఆదివారం అతను ఆ సీసా పట్టుకుని, శ్రీకాంత్‌ను వెంటబెట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు. సీసా మీద చేప బొమ్మ.

"మా ఇంటోళ్లు శ్రావణంల నీ తాన కూరగాయల నూడుల్స్ తిన్నరు. గిదే పోసినవా?"

"లేదన్నా. అడిగినోళ్లకే పోస్త. కూరగాయలవాటికి గరిటె గూడ వేరే పెట్టిన."

"మొన్న సారు తాగిన సూపుల పోసుడు నా కండ్లతోటి చూసిన. నీసు ముట్టని సారుకే పోసినోనివి, మాకు పొయ్యవా?"

శ్రీకాంత్ నా వైపు చూశాడు.

లలిత టీచరే అడ్డం వచ్చింది. "ఆగు నర్సింహా, ఊకె లొల్లి ఎందుకు? సారు ఈడనే ఉన్నడు. సారు అబద్ధమాడడు. సార్, ఆ పిలగాడు మీకు చెప్పి పోసిండా, చెప్పకుంట పోసిండా?"

సత్తెమ్మ గడపలో నిలబడి ఉంది. చేతిలో మర్నాటి కోసం పసుపు రాసిన జంధ్యాల పళ్లెం.

"నాకు చెప్పలే" అన్నాను.

లలిత టీచర్ మొహం వాడిపోయింది. "నేను మెచ్చుకుంట తిరిగిన గదరా" అని శ్రీకాంత్‌తో అని లోపలికి వెళ్లిపోయింది. యాదగిరి, "నేనే నయం, పోగులని ఇడిసిపెట్టిన" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పొద్దుగాల తాళం చెవి ఇయ్యమన్నాడు నర్సింహ.

"పెద్దబాపూ" అన్నాడు శ్రీకాంత్. పెద్దనాన్నను పిలిచినట్టు, ఆ ఒక్క మాటే. నేను నా చెప్పుల వైపు చూశాను.

అతను నిజం ఎందుకు చెప్పలేదు? నా మాట మీద తన మాట ఎవరూ నమ్మరనుకున్నాడా? పెద్దవాణ్ని నలుగురిలో దించకూడదనుకున్నాడా? లేక నాకే కొంత సమయం ఇచ్చి, నేనే సరిదిద్దుతానని చూశాడా? ఈ మూడోదే నిజమని ఒక్కోసారి అనిపిస్తుంది. అప్పుడు కూర్చున్నచోట కూర్చోలేను.

నేనెందుకు అన్నాను? జంధ్యం వేసే పెద్దరికం పోతుందని అనుకునేవాడిని చాలాకాలం. అది కొంతవరకు గౌరవమైన కారణం, చెప్పుకోవడానికి బాగుంటుంది. అసలు కారణం ఇంకా చిన్నది. జీవితమంతా వేళకు తిని, వేళకు లేచి, ఇంకొకరికి నియమం చెప్పిన మనిషి, ఒక గిన్నె సూపు కోసం పొయ్యి దగ్గర నిలబడి తనకంటే సగం వయసువాణ్ని బతిమాలాడని సత్తెమ్మకు తెలియడం నేను తట్టుకోలేకపోయాను. అంతే. దానికోసం ఒక ఇంటి పొయ్యి ఆర్పాను.

సత్తెమ్మ నాకు తులసి నీళ్లు తాగించింది. తెలియక చేసినదానికి దోషం లేదంది. అయినా మనసొప్పక, నా బదులు తనే ఉపవాసం పడుకుంది. నేను పక్కనే అన్నం తిన్నాను. ఇప్పుడామె లేదు. ఆమెకు చెప్పే దారి లేదు.

శ్రీకాంత్ నార్కట్‌పల్లిలో రోడ్డు పక్క హోటల్లో దోసెలు వేస్తున్నాడని తెలిసింది. ఒకసారి ఆ హోటల్ ఎదురుగా బస్సు దిగాను. పెనం ముందు అతని వీపు కనిపించింది. రోడ్డు దాటలేదు. తిరుగు బస్సెక్కాను. దాటి ఏమనేవాడిని? క్షమించమంటే, నేను పెద్దబాపును గనుక క్షమించేస్తాడు. అదీ నాకు మళ్లీ బతిమాలి తాగిన సూపే అవుతుంది.

ఆ వీధిలో ఇప్పటికీ, చెప్పకుండా నీసు పెట్టినవాడనే అతని పేరు. కాదు. చెప్పాడు. నేను అడిగి తాగాను. ఈ రెండు మాటలు రాశాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది. అంతకు మించి నాకు రావలసినదేమీ లేదు.

ఆ ఆదివారానికి మర్నాడు పౌర్ణమి. పొద్దున్నే గుడిలో వరుస కట్టారు. శ్రీకాంత్ స్నానం చేసి, తడి ధోవతితో వచ్చి నిలబడ్డాడు. ముందున్నవాడు ముందుకు, వెనకున్నవాడు వెనక్కు జరిగారు. అతని వంతు వచ్చింది. నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు.

"నువ్వు ఏస్తె నడుస్తదా, పెద్దబాపూ?"

"మెడ వంచు" అన్నాను.

వంచాడు. వేశాను. గుడి మెట్ల దగ్గర నర్సింహ తాళం చెవి కోసం చేయి చాపి నిలబడి ఉన్నాడు. నేను తర్వాతి మనిషిని రమ్మన్నాను.