సేనాపతి మీసం

కనుబొమలు తీయించుకుందామని మొన్న బస్టాండు దగ్గరి పార్లర్‌కు పోయాను. దారం నోట పట్టుకున్న అమ్మాయి నా ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "పైపెదవి గూడ తియ్యాల్నా మేడం? జర మీసం కనవడ్తుంది" అంది. నాకు నవ్వు ఆగక దారం తెగింది. ఆ పిల్లకు తెలియదు పాపం, ఇదే ఇబ్రహీంపట్నంలో నేను ఒకప్పుడు మీసం పెట్టి పేరు తెచ్చుకున్నదాన్ని.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఇక్కడి డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. వార్షికోత్సవానికి నాటకం వేయిద్దామన్న పురుగు నన్నే తొలిచింది. రాజుల కాలం నాటి ప్రేమకథ, నేనే రాశాను. ఒక కోట, ఒక సేనాపతి, అతన్ని వలచిన రాజకుమారి. ఆమె మనసు విప్పి చెప్పే ఘట్టం ఎంతకూ కుదరక నెలరోజులు కాగితాలు చింపాను. రాజకుమారి వేషానికి తగిన పిల్ల మాత్రం మొదటిరోజే దొరికింది. మంచాల నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, గొంతు విప్పితే ఆఖరి బెంచీవాడు కూడా నిద్ర లేవాల్సిందే. సేనాపతిగా అబ్దుల్లాపూర్‌మెట్ అబ్బాయిని ఎంచాను. వాళ్లవాళ్లు కోస్తా నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకున్నారు. మాటకో 'అండి' పెట్టే మర్యాదస్తుడు.

నాలుగు రిహార్సళ్లు కాకుండానే అమ్మాయి తండ్రి పత్తిచేను పని వదిలి కాలేజీకి వచ్చాడు. బిడ్డ వేషం కట్టడం ఆయనకు ఇష్టమే. పక్కన మగపిల్లవాడు నిలబడితే మాత్రం నాటకమే కాదు, కాలేజీ కూడా బంద్ అని తాపీగా చెప్పి వెళ్లాడు. అన్నంత పనీ చేసే మనిషని అమ్మాయి ముఖం చూస్తేనే తెలిసింది. ఆడపిల్లల్లో సేనాపతి ఎత్తున్నవాళ్లు లేరు. ఎత్తూ గొంతూ రెండూ ఉన్నది నాకే. కోరి తద్దినం కొనితెచ్చుకున్నట్టు నాటకం రాసిన పాపానికి కత్తి నేనే పట్టాను. అబ్బాయి అలుగుతాడేమో అనుకున్నాను. అలగలేదు సరికదా, తెర పక్కన నిలబడి మాటలు అందిస్తానండి అన్నాడు. ఎంత పెద్ద మనసు అని స్టాఫ్ రూంలో అందరికీ చెప్పి మురిసిపోయాను.

నాటకం రోజు షామియానా కింద ఉక్కపోత. సిటీ నుంచి అద్దెకు తెచ్చిన మఖమలు అంగీలో నాకంటే ముందు వేసుకున్న సేనాపతులందరి చెమట వాసనా ఉంది. తలపాగా చెవుల మీదికి జారుతోంది. ఆ ఘట్టం రానే వచ్చింది. పక్కతెర వైపు వీపు పెట్టి నేను నిలబడితే, ఎదురుగా ఆ అమ్మాయి మొదలుపెట్టింది. ఇవి నేను రాసిన మాటలేనా అనిపించింది. అంతలో చెమటకు జిగురు కరిగి నా మీసం ఒక కొస ఊడి గడ్డం మీద వేలాడింది. జనం గొల్లున నవ్వారు. ప్రిన్సిపల్ సారు కర్చీఫు నోట్లో కుక్కుకున్నారు. నేను మూతి మీద చెయ్యి పెట్టుకుని వీరుడిలా నిలబడ్డాను. ఆ పిల్ల మాత్రం రెప్ప వేయలేదు. కళ్లనిండా నీళ్లతో ఆఖరి మాట దాకా చెప్పింది. ఏం ఏకాగ్రత అని పొంగిపోయాను.

నాటకం అయ్యాక కొబ్బరినూనెతో జిగురు తుడుచుకుంటుంటే అమ్మాయి తండ్రి లోపలికి వచ్చాడు.

"మేడం, మీ మీసం ఊడితె అందరు నవ్విన్రు, నా బిడ్డ నవ్వలే. అది మిమ్ముల సూస్తలేదు, మీ ఎనుక సూస్తుంది. గా తెర పక్కకు కాయితాలు వట్టుకున్న పోరడెవరు?"

నా జవాబు మీదే ఆ పిల్ల చదువు ఆగడమో సాగడమో ఉంది. అబద్ధమాడదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి ఆడలేకపోయాను. సేనాపతి వేషం మొదట అతనిదేనని, మీరు వద్దన్నారని తెలిసి మారుమాట లేకుండా తప్పుకున్నాడని చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాల సవరించుకున్నాడు.

"సదువు బంద్ జెయ్య మేడం. ఇద్దరి సదువులు కానియ్యిండ్రి. అటెన్క గా పిల్లగాన్ని మా ఇంటికి రమ్మనుండ్రి. ఎనుకకెల్లి కాదు, ముంగటికెల్లి రమ్మనుండ్రి."

అట్లాగే ఆ అబ్బాయి, డిగ్రీ చేతికొచ్చాక తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ముందు వాకిట్లోంచే వెళ్లాడు. ఇప్పుడు ఆదిభట్లలో కాపురం, ఇద్దరివీ ఉద్యోగాలు. వాళ్ల పాప సగం 'గట్ల', సగం 'అలాగండి' మాట్లాడుతుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నా కడుపు నిండిపోతుంది. రాజుల కాలం ప్రేమ ఎట్లా మాట్లాడి ఉంటుందోనని నేను నెలరోజుల పాటు పాతకాలమంతా గాలించాను. అది ఆ సాయంత్రం, తన కాలంలో తాను, సరిగ్గా నా వీపు వెనకే నిలబడి ఉంది.