ముప్పై అయిదు కన్నా పెద్ద నాలుగు

నా చిన్నప్పుడు, ఆత్మకూరు దగ్గర మా పల్లెలో, నాకు మా వదినంటే చెప్పలేనంత కుళ్లుగా ఉండేది. వదినంటే పెద్దదేమీ కాదు, నాకన్నా కొన్ని నెలలే ముందు పుట్టింది. మా మేనత్త పోయాక ఆమె కూతుర్ని మా నాయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక మా అవ్వ పక్కలో చోటు ఆ పిల్లదే. మా అమ్మ పొద్దున్నే ముందుగా జడ వేసేదీ ఆ పిల్లకే.

బడిలోనూ అంతే. ఒకనాడు అయ్యవారు బోర్డు మీద 0.4, 0.35 రాసి, ఏది పెద్దదని అడిగారు. ముప్పై అయిదు ఉన్నదే పెద్దదని నేను గబుక్కున చెప్పాను. వదిన నాలుగు ఉన్నదాన్ని చూపించింది. అయ్యవారు ఆమెను మెచ్చుకుని, నన్ను ఆమె దగ్గర నేర్చుకోమన్నారు. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు నేను.

కర్నూలులో చదువుకుంటున్న మా చిన్నాయన అప్పుడు సెలవులకు వచ్చి ఉన్నాడు. నా అలక సంగతి విని వంటింట్లోకి వెళ్లాడు. అమ్మ పళ్లెంలో పోసిన చెనిక్కాయల పాకాన్ని సమానంగా పది పట్టీలు కోశాడు. నాలుగు పట్టీలు అలాగే ఉంచి, మిగిలిన ఒక్కో పట్టీని మళ్లీ పదేసి ముక్కలు చేశాడు. మమ్మల్ని పిలిచి, నన్నే ముందు కోరుకోమన్నాడు.

"నాలుగు కావాల్నా పాపా, ముప్పై అయిదు కావాల్నా?"

ముప్పై అయిదే అడిగాను. నా ఒడి నిండింది. వదినకు నాలుగు పట్టీలే. ఆ సంబరం ఇంతా అంతా కాదు.

చిన్నాయన నా ముక్కలను ఆమె పట్టీల మీద పదేసి చొప్పున పేర్చమన్నాడు. మూడు పట్టీలు నిండాయి. నాలుగోది సగం నిండేసరికి నా ఒడి ఖాళీ అయింది.

"ఎన్ని ఉండాయని కాదు, యాడ కూచున్నాయో చూడాల. చుక్క పక్కనే కూచున్నది పదో వంతు. దాని అవతలిది నూరో వంతు" అన్నాడు.

వదిన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మాయమ్మ గూడా నాకు ఇట్లనే కోసి చెప్తాండె" అంది మెల్లగా. ఆమె తల్లి మాట ఎత్తడం నేను వినడం అదే మొదలు. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నాకు కుళ్లే పుట్టింది. మా అమ్మ నాకెన్నడూ లెక్కలు చెప్పలేదు మరి.

అంతలో పెరట్లోంచి అమ్మ నన్ను పిలిచింది. "వస్తాండానమ్మా" అని లేచాను. వదిన తల వంచుకుని, పాకం పట్టీల వైపే చూస్తూ కూర్చుంది. నేను రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఆమె చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను.

ఆ రోజుతో నా కుళ్లు పోయిందని చెప్పను, ఈ వయసులోనూ అప్పుడప్పుడు పుడుతుంది. ఎవరికో నాకన్నా ఎక్కువ దక్కిందని మనసు ఉడికినప్పుడల్లా, పిలవడానికి అమ్మ లేక తల వంచుకున్న ఆ పిల్ల కళ్లముందుకు వస్తుంది.