అక్క చూసిన నది

మిగతా డీలర్లు ఓడ ఎక్కింది అమ్మకాల టార్గెట్ దాటినందుకు. నేను ఎక్కింది మా అక్కకు నిండు నదిని చూపించడానికి. కోవిల్పట్టిలో నాది సిమెంటు కొట్టు. ఆ ఏడు టార్గెట్ దాటినవాళ్ళను సింగపూర్ నుంచి వియత్నాం దాకా ఓడలో తిప్పుతామని, తోడుగా ఇంకొకరిని తెచ్చుకోవచ్చని కంపెనీవాళ్ళు అన్నారు. నా భార్య బస్సు వంతెన మీద పోతుంటేనే కళ్ళు మూసుకునే మనిషి. "మీ అక్కను తీసుకుపోండి. ఇంకెప్పుడు చూస్తుంది?" అంది.

ఆ "ఇంకెప్పుడు" ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అక్కకు కంట్లో ప్రెషర్. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేమని మదురై డాక్టరు చెప్పాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. కోవిల్పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే చోట ముప్పై ఏళ్ళు పాకం ముందు నిలబడింది. అయినా తన జన్మలో రెండు ఒడ్డులూ నిండిన నదిని చూడలేదు. చూపు ఉండగానే ఆ ఒక్కటీ చూపించాలని పట్టుబట్టాను. సముద్రం చూసింది కదా అంటే ఒప్పుకోదు. "తాగేదానికి లేని నీళ్ళు ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" అంటుంది.

మేము పుట్టిన ఊరు విళాత్తికుళం పక్కన, నల్లరేగడి నేల. వాన పడితేనే పంట, పడకపోతే మిరప చేలో దుమ్ము. ఎండాకాలం బావికి పోయి వచ్చేవాళ్ళను దారిలో అందరూ అడిగేది ఒక్కటే మాట, "ఎన్ని బారలు?" అని. చేతులు రెండూ చాపితే ఒక బార. నీళ్ళు అందడానికి ఎన్ని బారల తాడు వదలాల్సి వచ్చిందో చెప్పాలి. అది మాకు రోజూ వార్త. తలమీద బిందె దించకుండానే "ఎనిమిది", "తొమ్మిదిన్నర" అంటూ అక్క నడిచేది. ఒక ఏడు తాడు చాలక అక్క దానికి అమ్మ పాతచీర ముడివేసింది. ఆ చీర తడవకుండా పైకి వచ్చిన రోజు అక్క బావి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నాకు అది బాగా గుర్తు.

ఓడలో అక్క నా మోచేయి వదల్లేదు. "ఊగుతుండాది రా," అనేది. రేవులో కట్టేసిన ఓడ ఎక్కడ ఊగుతుందని నేను ఆటపట్టించాను. డెక్ మీద కూర్చోబెట్టి "ఎట్లా ఉందక్కా?" అంటే, "రొంబ బాగుండాది, అబ్బో ఎంత నీళ్ళు!" అనేది. నాకు కడుపు నిండిపోయేది. మనిషికి తను వినాలనుకున్నదే వినిపిస్తుంది.

వియత్నాం రేవు నుంచి రెండు గంటలకు పైగా బస్సులో పోతే మెకాంగ్ నది పాయలు పాయలుగా విడిపోయే చోటు వచ్చింది. పెద్ద పడవలో ఒక లంకకు తీసుకుపోయారు. అక్కడ ఒక పాకలో కొబ్బరి మిఠాయి చేస్తున్నారు. గుమ్మంలోనే అక్క ముక్కు ఎగబీల్చి, "పాకం దించమని చెప్పురా, ముదురుతుండాది," అంది. గైడు ఆ మాట వాళ్ళ భాషలో చెప్పగానే పొయ్యి దగ్గరి ఆమె గబగబా మూకుడు దించి, అక్కను చూసి నవ్వింది. మా అక్క ఎంత చురుకైనదో అని నేను అక్కడ ఉన్నవాళ్ళందరికీ గొప్పలు చెప్పాను.

తరువాత ఇరుకు కాలువల్లోకి చిన్న తెడ్డు పడవలు. ఒక్కోదానిలో నలుగురు. మాతో విరుదునగర్ డీలరూ ఆయన భార్యా ఎక్కారు. అటూ ఇటూ మానే కనపడని కొబ్బరి చెట్ల లాంటివి, వాటి మట్టలు తిన్నగా నీళ్ళలోంచి లేచి మా భుజాలకు రాసుకుంటున్నాయి. అక్క సీసాలో కొంచెం నీళ్ళు మిగిలాయి. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, చెయ్యి కడిగిన నీళ్ళు, అన్నీ కరివేపాకు చెట్టుకే పోవాలి. అక్క తనకు తగిలిన మట్టను చేత్తో తడిమి, "పాపం, దీనికన్నా పోనీ," అంటూ సీసా దాని మొదట్లో వంచింది.

విరుదునగర్ ఆమె పకపకా నవ్వింది. తెడ్డు వేసే ఆమె కూడా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"ఏటికిరా నవ్వుతారు?" అంది అక్క.

"నదిలో నిలబడిన చెట్టుకు నీళ్ళు పోస్తివి కదక్కా!"

అక్క ముఖంలో నవ్వు రాలేదు. తల కొంచెం వంచి, మెల్లగా అడిగింది. "నీళ్ళు ఇంత కిట్టనా ఉండేది? ఇంత దగ్గరనా?"

నా నవ్వు ఆగిపోయింది. ఊగని ఓడ ఎందుకు ఊగిందో, నా మోచేయి ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది.

"ఎప్పటినుంచి?" అన్నాను. నాకు కోపం ముందు వస్తుంది, మిగతావి తరువాత వస్తాయి.

"దీవాళి అప్పటినుంచి. వెలుతురు తెలుస్తాది. మనిషి వస్తే తెలుస్తాది. మొగం తెలవదు."

"నా ముఖం కూడానా?"

అక్క ఖాళీ సీసాకు మూత బిగించింది.

"మరి ఇంత దూరం ఎందుకు వచ్చావు? ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!"

"చెప్పింటే నువ్వు వచ్చుందువా? టిక్కెట్టు వద్దని ఇంట్లో కూర్చుందువు. నువ్వు మాత్రం నిండు ఏరు చూసింది ఏడరా? కొట్టు, ఇల్లు, మళ్ళీ కొట్టు. నీకు చూపిద్దామనే నేను వచ్చింది."

నాకు ఏడుపు ఆగలేదు. విరుదునగర్ దంపతులు మర్యాదగా అటు తిరిగారు. అక్క చేయి చాచి నా భుజం వెతుక్కుని పట్టుకుంది.

"ఏడిస్తే ఎట్ల చూస్తావు? నువ్వు చూడు. చూసి నాకు చెప్పు."

చెప్పాను. నీళ్ళు మట్టి రంగులో, మొదటివాన మన వీధిలో పారినట్టు ఉన్నాయన్నాను. కాలువ ముందుకు పోయి పెద్ద పాయలో కలుస్తోందని, అవతలి ఒడ్డు మీద మనుషులు చీమలంత ఉన్నారని, ఎక్కడా ఇసుక బయటపడలేదని చెప్పాను. అక్క ఊఁ కొడుతూ వింది. పెద్ద పాయలోకి వచ్చాక ముఖానికి గాలి తగిలింది. కొంగు సర్దుకుని అడిగింది.

"ఎన్ని బారలు?"

 భుజం మీది ఆమె చేయి తీసి, పడవ అంచు మీదుగా కిందికి దించాను. వేళ్ళు తడిశాయి, తరువాత మణికట్టు, తరువాత గాజులు. అక్క అదిరిపడింది. వేళ్ళు విప్పి నీళ్ళను పోనిచ్చింది.

"తాడే వద్దు కదరా," అంది.

పడవ గట్టుకు చేరి అందరూ దిగినా అక్క చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.