వదినె బావిలో ఈత నేర్చుకున్న ఎండాకాలం

ఆ చలికాలం నాకు టైఫాయిడ్ వచ్చింది. మందులు వాడాను, జ్వరం తగ్గింది. కానీ పోతూ పోతూ అది నాలోంచి ఇంకేదో కూడా పట్టుకుపోయినట్టు అనిపించేది. అన్నం తింటున్నాను, వంట చేస్తున్నాను, పలకరించినవాళ్లకు జవాబు చెప్తున్నాను. అయినా దేని మీదా మనసు నిలిచేది కాదు.

మా ఇల్లు జహీరాబాద్‌లో హైవే పక్కన. కింద మా ఆయన ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం, పైన మేము. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్నా లారీల చప్పుడు ఎప్పుడూ నన్ను బాధపెట్టలేదు. అలవాటైన వాన చప్పుడులా ఉండేది. జ్వరం తగ్గాక మాత్రం ముంబై పోయే లారీలన్నీ మా మంచం కాళ్ల పక్కనుంచే పోతున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. దవాఖానకు పోతే డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "రోగమేం లేదమ్మా, మనసుకు హుషారు కావాలి. జర తిరగండి" అంది. హుషారు ఏ దుకాణంలో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనుకు వీడియోలు పంపడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే అద్దంలో చూసుకుని నవ్వాలని ఒక వీడియోలో చెప్పారు. నేను నిజంగానే అద్దం ముందు నిలబడి నవ్వాను. వెనకనుంచి మా ఆయన చూసి, "ఏమైంది, పన్ను నొస్తున్నదా?" అన్నాడు. ఇంకోసారి, మంచినీళ్లు తాగడం మర్చిపోకుండా గుర్తుచేసే ఏర్పాటు ఏదో నా ఫోన్లో పెట్టింది. పక్కింట్లో సత్యనారాయణ వ్రతం మధ్యలో అది గట్టిగా "నీళ్లు తాగండి" అని పలికింది. అయ్యగారు మంత్రం ఆపి నా వైపు చూశారు. ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను.

అప్పుడు వచ్చింది మా వదినె. మా ఆయనకు స్వయానా అక్క. అరవై దాటినా నిటారుగా నడుస్తుంది. చిరాగ్‌పల్లి అవతల చెరుకూ అల్లమూ వేసే పొలం ఆమెది. ఆమె భర్త, నాకు అన్నయ్య వరస, చిన్న వయసులోనే పోతే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ పొలం తానే చేసుకుంది. ఆమె అత్తవారి మూలాలు బీదర్ వైపు. అందుకని తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కన్నడం దొర్లిస్తుంది. అల్లం తవ్వకం అయిపోయిందని, మాకో సంచెడు తెచ్చి వంటింట్లో దించింది. నా ఆరోగ్యం ఎలా ఉందని అడగలేదు. ఒకసారి నా మొహంలోకి చూసి తమ్ముడి వైపు తిరిగింది.

"దీన్ని నాతోటి తోల్కపోత."

"ఇంకా నీరసం తగ్గలేదక్కా."

"నీరసం ఇంట్ల గూసుంటే తగ్గుతదారా? లారీలు లెక్కవెట్టుకుంట కూసుంటే పానం ఎట్ల కుదురుకుంటది? కొన్నొద్దులు నా దగ్గరుంచుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే వద్దనే అనేదాన్ని.

మర్నాడు చిరాగ్‌పల్లిలో బస్సు దిగి, ఎర్రమట్టి బాటలో ఆమె వెనకే నడిచాను. చేలో పనులు ముగిసేసరికి మధ్యాహ్నం వాలింది. ఆమె నన్ను ఇంటి వెనకాల బావి దగ్గరికి తీసుకెళ్లింది. పాతకాలపు పెద్ద బావి. ఒక పక్క రాతిమెట్లు నీళ్లలోకి దిగుతాయి. బోర్లు వచ్చాక అలాంటి బావుల్ని చాలామంది పూడ్చేశారు. ఆమె మాత్రం ఉంచుకుంది. ఆ ఏడు వానలు బాగా పడటంతో ఎండలు ముదురుతున్నా నీళ్లు ఉన్నాయి.

నేను మెట్ల మీద కూర్చునేలోపే ఆమె చీర గోచీ పోసి కట్టి, గట్టెక్కి, ధబేలుమని దూకేసింది. బావి నడిమిట్లో తల పైకి తేలింది. తెల్లజుట్టు నుదుటికి అతుక్కుపోయింది. నోట్లోంచి పిచికారీలా నీళ్లు ఊది, పదేళ్ల పిల్లలా నవ్వింది. ఇన్నేళ్ల చుట్టరికంలో ఆమె ఈదుతుందని విన్నానే తప్ప ఎప్పుడూ చూడలేదు.

"బా, బా!" అని చెయ్యి ఊపింది. కన్నడంలో రమ్మని.

"నాకు భయం వదినె. మా ఇంట్ల ఆడపిల్లల్ని బాయి దిక్కు పోనియ్యకపోతుండె."

"దిగకు తియ్. కాళ్లన్న నీళ్లల్ల పెట్టుకో."

పెట్టుకున్నాను. పైన నీళ్లు గోరువెచ్చగా, ఒక మెట్టు కింద చల్లగా ఉన్నాయి. కాసేపటికి చిన్నచిన్న చేపపిల్లలు వచ్చి నా వేళ్లను ముట్టి పోయాయి. చక్కిలిగిలికి కాళ్లు లాక్కున్నాను, మళ్లీ పెట్టాను. ఆమె ఈదుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం జొన్నరొట్టె మీద ఎల్లిపాయ కారం, నూనె వేసి ఇచ్చింది. ఒకటి తిని ఇంకోటి అడిగాను. అడిగాక గానీ నాకు ఆకలేసిందని తెలియలేదు.

రెండు మూడు రోజులు కాళ్లు మాత్రమే తడుపుకున్నాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వదినె ఖాళీ నూనె డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. మూత గట్టిగా బిగించి, పాత చీర పేలికతో నా వీపుకు కట్టింది. బట్టల సంచిలో తెచ్చుకున్న, మా అమ్మాయి వదిలేసిన పంజాబీ డ్రెస్ వేసుకున్నాను. యాభై దాటిన మనిషిని, వీపున నూనె డబ్బాతో మెట్ల మీద నిలబడితే నా వాలకానికి నాకే సిగ్గేసింది.

"ఇది ముంచదు గదా వదినె?"

"నా పిల్లలిద్దరు గిట్లనే నేర్చిన్రు. డబ్బా ముంచదు. నువ్వే దాన్ని ముంచకు."

దిగాను. ముక్కులోకి నీళ్లు పోయాయి. దగ్గాను, అరిచాను, వదినె మెడ పట్టుకుని వేలాడాను. ఆమె నా గడ్డం కింద అరచెయ్యి పెట్టి, ఇంకో చేత్తో నా పట్టు విడిపించింది.

"కాళ్లు కొట్టు! మంచం మీద దోమలు గొట్టినట్టు గాదు, జర గట్టిగ కొట్టు!"

కొట్టాను. మూరెడు ముందుకు కదిలాను. ఆ మూరెడు కదలికకే నాలో ఎక్కడో దీపం వత్తి ఎగదోసినట్టయింది. ఆ రాత్రి పడుకోగానే నిద్ర దానంతటదే వచ్చింది. ఒళ్లంతా నొప్పులే, కానీ పని చేసిన ఒంటి నొప్పులు. రోగం నొప్పులు కావు.

ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆదివారం వస్తే చిరాగ్‌పల్లి వైపు పోయే ఆటో ఎక్కేదాన్ని. పక్కింటావిడ ఊరుకుంటుందా?

"ఆదివారమొస్తే ఆడబిడ్డ ఇంటికి ఉరుకుతున్నవ్. గింత ప్రేమ ఎప్పటిసంది?"

"ఈత నేర్చుకుంటున్న."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఒక ఆదివారం ఈతయ్యాక మెట్ల మీద తడిబట్టలతో కూర్చుని రొట్టె తింటున్నాం. అంత పనుండగా ఈ ఈత అలవాటు ఎలా వచ్చిందని వదినెను అడిగాను. ఆమె రొట్టె ముక్కను చేతిలోనే ఉంచుకుని చెప్పింది.

"చిన్నప్పుడే నేర్చిన గని, మీ అన్న పోయినంకనే రోజు దిగుడు వట్టిన. ఇంట్ల ఏడుద్దమంటే పిల్లలు బెదురుతుండె. చేన్ల ఏడుద్దమంటే కూలోళ్లు పని ఆపి నా దిక్కే సూస్తుండె. బాయిల దిగితే ఎవలకు ఎర్కయితది? మొకమంత తడే గద. దిల్ నిండ ఏడ్సి, ఒడ్డుకొచ్చి, చీర పిండుకొని పనికి పోయేదాన్ని."

ఆమె రొట్టె నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది.

"అటెన్క ఎప్పుడో ఏడుసుడు బందయింది. ఎప్పుడు బందయిందో నాకే తెల్వదు. ఈత మాత్రం బంద్ కాలే. తిను, సల్లగైతది."

ఇన్నేళ్లుగా ఆమె గట్టితనాన్ని చూసి అదేదో పుట్టుకతో వచ్చిందనుకున్నాను. దానికి కూడా రోజూ ఇంత పోషణ కావలసి వచ్చిందని అప్పుడే తెలిసింది. ఆమె దగ్గర కూర్చోవడం ఆ రోజు నుంచి ఇంకా ఇష్టమైంది.

ఎండలు మండుతున్న ఒక ఆదివారం అసలు సంగతి జరిగింది. వదినె మోటారు బంద్ చేయడానికి చేను అవతలికి పోయింది. నేను ఈత ముగించి, డబ్బా విప్పి పక్కన పెట్టి, జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. పక్క పొలంవాళ్ల మేకపిల్ల ఒకటి బావి గట్టు మీద గంతులేస్తోంది. అదిలించేలోపే కాలు జారి నీళ్లలో పడింది.

"వదినే!" అని అరిచాను. మోటారు చప్పుడులో ఆమెకు వినపడలేదు. మేకపిల్ల తల మునిగింది, తేలింది. ఇంకేం ఆలోచించలేదు. దూకేశాను.

లోపల అంతా పచ్చటి చీకటి. చెవుల్లో హోరు. పైకి వచ్చి ఊపిరి పీల్చి చుట్టూ చూస్తే మేకపిల్ల కనపడలేదు. మునిగిపోయిందనుకున్నాను. మళ్లీ చూస్తే, అది చెవులు రెండూ ఎత్తి, ముక్కు పైకి పెట్టి, నాకంటే చక్కగా ఈదుకుంటూ మెట్ల వైపు పోతోంది! నేను బావి నడిమిట్లో ఉన్నాను. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. దాని వెనకాలే కాళ్లు కొట్టుకుంటూ బయల్దేరాను. మెట్టు చేతికి తగిలేసరికి అది పైకెక్కి ఒళ్లు దులుపుకుని, గట్టు మీద ఆరేసిన నా చున్నీ అంచు నములుతోంది.

మోటారు ఆగాక నీళ్ల చప్పుడు విని వదినె పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, మేకను చూసింది, పొడిగా పక్కన పడి ఉన్న డబ్బాను చూసింది.

"డబ్బా లేకుంటనే దిగినవానె?"

"మేకపిల్లను కాపాడుదమని..."

"దాన్ని నువ్వు కాపాడినవా, నిన్ను అది ఒడ్డుకు తోల్కొచ్చిందా?"

ఇద్దరం మెట్ల మీద కూలబడి నవ్వాం. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. మేకపిల్ల మాత్రం చున్నీ వదల్లేదు.

ఈ సంగతి విన్న మా ఆయన తర్వాతి ఆదివారం తానూ బయల్దేరాడు. నా మాట నమ్మక కాదు, భయపడి. బావి గట్టు మీద నిలబడి, నేను నడిమిట్లోకి పోతుంటే, "అటు వోకు, లోతుంటది! ఇటు రా, ఇటు రా!" అని అటూ ఇటూ తిరిగాడు. ఆయనకు ఈత రాదు. చిన్నప్పుడు అక్క నేర్పబోతే చెట్టెక్కి కూర్చున్నాడట.

"ఓ తమ్ముడా, నీ పెండ్లాం బాయిల నిమ్మలంగనే ఉన్నది. నువ్వే గట్టు మీదికెళ్లి వడతవు. కూసో!" అంది వదినె.

చివరికి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. కాసేపు దుకాణం గురించి మాట్లాడి, తర్వాత అదీ మానేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "నువ్వు నవ్వంగ ఇని శాన దినాలైంది" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. మా ఆయన అలాంటి మాటలు మొహం చూసి చెప్పే మనిషి కాదు.

ఇంటి దగ్గర పెద్దగా మారిందేమీ లేదు. లారీలు అలాగే పోతున్నాయి. మనసు బరువెక్కే రోజులూ వస్తున్నాయి. కాకపోతే ఆ బరువును చూసి ఇప్పుడు బెదరను. చెప్పులేసుకుని బయటికి పోతాను, కూరగాయలు అమ్మే ఆమెతో రెండు మాటలు మాట్లాడతాను, లేకపోతే డాబా మీద బట్టలారేస్తూ చేతులు బాగా చాపి ఊపిరి పీలుస్తాను. మనసు మాట వినని రోజు ముందు ఒంటిని కదిలించాలి. మనసు వెనకాలే వస్తుంది. ఇది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. నీళ్లు మింగి మింగి తెలుసుకున్నాను.

తొలివానలు పడ్డాయి. ఎర్రమట్టి కొట్టుకొచ్చి బావి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. నీళ్లు తేటపడేదాకా దిగొద్దని వదినె ఫోన్ చేసింది. నేను ఆ ఆదివారం కూడా పోయాను. ఆమె తడిసిన సాళ్లలో విత్తనపు అల్లం ముక్కలు నాటిస్తోంది. నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. గంప ఒకటి నా చేతికిచ్చి, మొలక పైకి వచ్చేలా ఎలా పెట్టాలో చూపించింది. మోకాళ్ల దాకా బురదతో మధ్యాహ్నం దాకా నాటాం. మళ్లీ వాన అందుకుంటే వసారాలోకి పరుగెత్తి, తలలు తుడుచుకుని, దంచిన అల్లం వేసిన చాయ్ తాగాం.

అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు, ఎప్పుడొస్తావని. నేను జవాబు చెప్పేలోపు వదినె ఫోన్ లాక్కుంది.

"ఇంకా రెండు సాళ్లున్నయ్‌రా. వాన ఆగినంక అవి పెట్టి పంపిస్త. నీకు పొద్దువోకుంటే నువ్వు గూడ రా, ఇంకో గంప ఉన్నది."

అవతల ఆయన ఏమన్నాడో వినపడలేదు. చూరు నీళ్లు గట్టిగా పడుతున్నాయి. వదినె నవ్వుతూ ఫోన్ పెట్టేసి, నా గ్లాసులో ఇంకాస్త చాయ్ పోసింది.