కాటా దగ్గర ఆపరేషన్ సక్సెస్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన పని మీద ఉండే నమ్మకం ఆ తర్వాత దేని మీదా ఉండదనుకుంటాను. నందిగామలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరాను (మా అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పేసింది). నా మొదటి పని జగ్గయ్యపేట దగ్గర లారీలు తూచే కాటాకి ప్రోగ్రాం రాయడం. బరువు ఫైల్లో రాసుకుని స్లిప్ ఇవ్వాలి. ఏదైనా తేడా వస్తే 'లోపం వచ్చింది' అని తెర మీద పడేలా రాశాను. అంతకన్నా చెప్పడానికేముంటుందని నా ధీమా.

ఓ రోజు పొద్దున్నే కాటా ఓనరు ఫోన్ చేశారు. బస్సు దిగి వెళ్లేసరికి ముక్త్యాల నుంచి సిమెంటుతో వచ్చిన లారీ కాటా మీద ఉంది, దాని వెనక రోడ్డు దాకా లారీల బారు. తెర మీద నా 'లోపం వచ్చింది'. "వచ్చిందని మాకూ తెలుసమ్మా. ఎందుకొచ్చిందో చెప్పు. లేదంటే రేపట్నుంచి చేత్తోనే రాసుకుంటాం" అన్నారాయన నెమ్మదిగా. తిడితే ఇంకా నయంగా ఉండేది. ఆఫీసులో మా సీనియర్‌కి (అందరం పెద్దక్క అంటాం) ఫోన్ చేశాను. "కారణం సిస్టమ్‌నే అడక్కపోయావా? పని చెడితే ఎందుకు చెడిందో ఓ నంబరు దాచిపెడుతుంది. ఆ నంబరిస్తే మాటల్లో కూడా అదే చెబుద్ది" అంది. అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడే కూర్చుని ఆ నాలుగు ముక్కలూ రాసి నడిపాను. 'లోపం వచ్చింది. కారణం: ఆపరేషన్ కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ' అని ఇంగ్లీషులో జవాబొచ్చింది. కిటికీలోంచి తొంగిచూస్తున్న లారీ డ్రైవర్ బాబాయ్ అది చదివి, "ఆపరేషన్ సక్సెస్ అంటుంది, మరి పేషెంట్ లేవడేంటమ్మా?" అన్నాడు.

మళ్లీ ఫోన్. "చెడగానే అడిగావా, మధ్యలో ఇంకేదన్నా చేయించావా?"

"మధ్యలో 'లోపం వచ్చింది' అని రాయించానక్కా."

"అది బానే రాసింది కదా. ఆ నంబరు ఎప్పుడూ చివరి పనిదే ఉంటుంది, అందుకే నీకు చెప్పింది దాని సంగతి. చెడిన మరుక్షణం అడగాలి."

కారణం అడిగే వరుసని 'లోపం వచ్చింది' కన్నా పైకి జరిపాను. ఈసారి డిస్కులో చాలినంత జాగా లేదని వచ్చింది. పైకి చదివాను. "ఇంత కాటా పెట్టుకుని జాగా లేదంటారేంటండీ" అన్నాడు బాబాయ్. లోపల చూస్తే డిస్కు నిండా సినిమాలు, ఓనరుగారి బావమరిది దింపుకున్నవి. ఓనరుగారే కూర్చుని ఒక్కొక్కటే తీసేశారు. స్లిప్ బయటికొచ్చింది.

నేను మాత్రం తెర ముందునుంచి కదల్లేదు. జగ్గయ్యపేట పేరైనా వినని మనిషెవరో, నేను పుట్టకముందే కాబోలు, ఎక్కడో ఎవరికో ఇలా జాగా చాలదని ఊహించి, వాళ్ల కోసం ఒక వాక్యం రాసిపెట్టాడు. జాగా చాలకపోతే ఒకటి, ఫైలు కనబడకపోతే ఒకటి, అనుమతి లేకపోతే ఇంకొకటి. మనం చేయబోయే పొరపాట్లన్నిటికీ ముందే మాటలు సిద్ధంగా ఉన్నాయి, అడగడమే తరువాయి. నాకు ఒళ్లు జలదరించింది. "స్లిప్పిస్తావా తల్లీ, దానికి దణ్ణం పెట్టుకుంటావా?" అన్నాడు బాబాయ్.

ఇప్పుడు ఎర్రర్ వస్తే విసుక్కుంటాను, సగం చదవకుండానే మూసేస్తాను. మూసేశాక మాత్రం ఆ స్లిప్ చేతిలో పట్టుకుని తెర వంకే కళ్లార్పకుండా చూసిన నాలోని ఆనాటి పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆ పిల్ల మీద కొంచెం అసూయ కూడా.