గోడ దాకా మోసిన దిమ్మ

సర్కారు ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగాలు పడ్డాయి. ఇచ్చేది మాత్రం సర్కారు కాదు, కాంట్రాక్టరు. ఆయన అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. నోటీసులో దివ్యాంగులకు ప్రాధాన్యం అని రాశారు. నా ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. అందులో దివ్యం ఏముందో నాకింతవరకూ తెలియదు.

ఆయన దగ్గర పనికి వెళ్లేవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. కలాసీ అయినా, గుమస్తా అయినా, కొట్టులో కాటా దగ్గర్నుంచి వెనక గోడ దాకా ఒక బెల్లం దిమ్మ మోసి చూపించాలి. వాళ్ల నాన్న కాలం నాటి ఆనవాయితీ. మా అమ్మ చేపలమ్ముతుంది, మోత గురించి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. వారం రోజులు చేపల గంపలో రాళ్లేసి పెరట్లో నాచేత మోయించింది.

"సేతుల్తో అట్టుకోకు, నడుం ఒంగిపోద్ది. నెత్తికెత్తుకో. కాలు సంగతి నెత్తికి తెల్దు," అంది.

ముందు టైపింగ్ పరీక్ష పెట్టారు. ఏడుగురిలో నేనే మొదట ముగించాను, ఒక్క తప్పు లేదు. తర్వాత దిమ్మ. తలమీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని ఎత్తించుకున్నాను. కుంటుతూనే నడిచాను. దిమ్మ కదల్లేదు. గోడ దగ్గర దించి వెనక్కి చూస్తే కాంట్రాక్టరుగారు తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నారు.

"మోసేవు తల్లీ, కాదన్ను. నేనే సూడలేకపోయేను. ఆస్పత్రికొచ్చే జనం సూడగలరా?"

"కూర్చుని చేసే పని కదండీ," అన్నాను.

"కూకోడానికైనా నడిసే రావాలి కదమ్మా."

కసురుకోలేదు పాపం, మెల్లగానే అన్నారు. గుమస్తాచేత ఒక బెల్లం ముక్క కాగితంలో చుట్టించి నా చేతిలో పెట్టించారు. నేను దండం పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. కోపం రావాలి, రాలేదు. ఏడుపూ రాలేదు. ఆటోలో కూర్చుని ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా మొహం చూడగానే అర్థమైపోయింది.

"పడేసేవేటి?"

"లేదు. గోడ దాకా మోసేను."

"మరేటి?"

చూడలేకపోయారట అని ఎలా చెప్పను? పుట్టినప్పట్నుంచీ నన్ను చూస్తున్న మనిషి. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయాను.

కాసేపటికి పెరట్లో చప్పుడైంది. అమ్మ గంప ముందు కూర్చుని, వారం రోజులు నేను మోసిన రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. నన్ను చూసి తల దించుకుంది.

"తప్పు నాదేలే. ఇంకో రెండు రాళ్లేసి మోయించాల్సింది," అంది.