లిస్టులో లేని దేశం

వర్జీనియాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో, మా యూనివర్సిటీ యూరప్ యూనివర్సిటీలతో కలిసి సరిహద్దులు, వలసల మీద సదస్సు పెట్టింది. రిజిస్ట్రేషన్ ఫారం తయారుచేసింది నేనే.

సదస్సు రోజు కౌంటర్‌లోని కంప్యూటర్‌లో అది నింపుతూ పెద్దావిడ ఒకరు, ప్రొఫెసర్, ‘పుట్టిన దేశం’ దగ్గర ఆగిపోయారు. “నేను పుట్టింది యుగోస్లావియాలో. లిస్టులో లేదు” అన్నారు.

వెనక క్యూ పెరుగుతోంది. “ఆ దేశం ముక్కలై ఇప్పుడు లేదు కదా మేడమ్, ఉన్నవాటిలో ఒకటి సెలెక్ట్ చేయండి” అన్నాను విసుగ్గా.

ఆవిడ కదల్లేదు. పక్కనున్న నా రూమ్మేట్ రమ్య తెలుగులో గొణిగింది: “నువ్వు పుట్టిన ఖమ్మం నీ పాస్‌పోర్ట్‌లో ఇంకా ఆంధ్రప్రదేశే కదే! నిన్నెవరైనా మార్చుకోమన్నారా?”

తల కొట్టేసినట్టయింది. లిస్టు తీసేసి ఖాళీ గడి పెట్టాను. ఆవిడ ఒక్కో అక్షరమే టైప్ చేసి, స్పెల్లింగ్ మరోసారి సరిచూసుకున్నారు.

ఇప్పుడు నా ఉద్యోగమే ఫారాలు తయారుచేయడం. పుట్టిన చోటుకు లిస్టు పెట్టాలంటే మాత్రం చేతులు రావు.